ముప్పై అడుగుల చెయ్యి

నర్సింహులు క్రేన్ నడపడం నేర్చుకున్నది సూర్యప్రకాశరావు దగ్గర. పటాన్‌చెరు దగ్గరి పైపుల ఫ్యాక్టరీలో, షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్ అది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఆ పెద్దాయన మొదటి రోజే అన్నాడు: "లీవర్ వంక చూడకు నాయనా, హుక్కును చూడు. కొన్నాళ్లకి అదే నీ చెయ్యవుతుంది."

నర్సింహులు నమ్మలేదు. ఆర్నెల్ల పాటు ఏ లీవర్ ఎటు తిప్పాలో ఆలోచిస్తూనే చెమటలు కక్కాడు. తర్వాత ఒకనాడు ఆలోచించడం మానేశాడు. ముప్పై అడుగుల పైన కేబిన్లో కూర్చున్నా, పైపుల కట్ట నేలకు ఆనితే అరచేతికి తెలిసేది. గొలుసు వదులైతే వేళ్లకు తెలిసేది.

పదకొండేళ్ల తర్వాత, నిరుడు ఆషాఢంలో, పట్టపగలు క్రేన్ బ్రేకు జారింది. కట్ట ఊగి, కింద గొలుసులు తగిలించే రాకేష్‌ను స్తంభానికి అదిమేసింది. బిహార్ నుంచి వచ్చినవాడు. మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు.

తప్పు బ్రేకుదేనని విచారణలో తేలింది. ఆ కాగితాన్ని నర్సింహులు భార్య సృజన రెండుసార్లు చదివి వినిపించింది.

"నీ తప్పు లేదని రాసిండ్రు గదా. ఇంకేంది పరేషాన్?"

"తప్పు గురించి కాదే. ఆడు నాకు తాకిండు. ఆని పక్కటెముకలు... మెత్తగ. ఈడ." అరచెయ్యి చాపాడు.

సృజన ఆ చేతికి కొబ్బరినూనె రాసింది. అన్నం కలిపితే అదే మెత్తదనం. చెంచాతో తింటే పోతుందనుకుంది. చెంచా కొసకూ అదే తగిలింది. అతను పళ్లెం పక్కకు జరిపాడు.

స్టోర్స్‌లో పని ఇమ్మని అడిగితే, ముందు కొత్తమ్మాయికి నేర్పమన్నారు. సంగారెడ్డిలో ఐటీఐ చదివిన రుచిత. పెద్దాయన మాట ఆమెకు చెప్పకూడదని నర్సింహులు గట్టిగా అనుకున్నాడు.

"హుక్కు వేరు, నువ్వు వేరు. గది యాదుంచుకో."

ఆమె అలాగే నేర్చుకుంది. రెండు నెలలు కట్టలు ధడేల్మని పడేవి. కిందివాళ్లు తిట్టుకుంటూ పరిగెత్తేవాళ్లు. ఇలాగే ఉంటే ఇంకొకడు పోతాడని నర్సింహులుకు తెలుసు. అయినా పెద్దాయన మాట మాత్రం చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం రుచిత కట్టను గాల్లోనే ఆపింది.

"అన్నా, లోపల ఒక పైపు కదులుతున్నది."

కేబిన్ నుంచి కనిపించేది కాదు. దించి విప్పించారు. మధ్యలో ఒకటి నిజంగానే వదులుగా ఉంది.

"నీకెట్ల తెల్సింది?"

"ఏమో అన్నా. వేళ్లల్ల అనిపించింది."

ఎవరూ చెప్పకుండానే ఆమె చెయ్యి హుక్కు దాకా పెరిగింది. ఇక దాచి లాభం లేదు. నర్సింహులు రాకేష్ సంగతంతా చెప్పాడు.

"ఇగ నుంచి ఏది తాకినా నీకే తాకుతది బిడ్డా. మనిషైనా సరే."

రుచిత లీవర్ మీది చెయ్యి తీసి, గాయమేదో వెతుకుతున్నట్టు చూసుకుంది.

"నీకింకా ఉందా అన్నా?"

"ఉంది."

"దిగిపోతవా?"

"లేదు. ఇంకొన్ని దినాలు ఈడ్నే కూసుంట."

కింద కుర్రాడెవరో లేపమని చెయ్యెత్తాడు. అతను పక్కకు తప్పుకునేదాకా రుచిత ఆగింది. తప్పుకున్నాక కూడా, ఇంకాసేపు ఆగింది.