ఆకు నానే వేళ

పొద్దున, బడిలో టీచరుగా చేసే నా బిడ్డ నవత సంచిలో అన్నం డబ్బా పెట్టబోతే ఒక కాగితం చేతికి తగిలింది. నేను చదివింది ఐదో తరగతే. కూడబలుక్కుని చదివాను. టీచర్ల వారం పని గంటల్లో పాఠం తయారుచేసుకునే సమయం కూడా కలిసే ఉంటుందని విద్యాహక్కు చట్టంలో ఉందట. నాలుగో పీరియడ్ తనకు లీజరట, అంటే క్లాసు లేని గంట. రోజూ అప్పుడే తనను బడికి రాని టీచర్ల క్లాసులకు పంపవద్దని నా బిడ్డ హెడ్మాస్టరుకు రాసింది.

చట్టం అన్న మాట చూస్తే నాకు ముందు పోలీసులే గుర్తొస్తారు. పోయినేడు ఆ ప్రైవేటు బడిలోనే ఎదురు మాట్లాడిందని ఒక టీచరమ్మను నడి సంవత్సరంలో మాన్పించారు. నవత బాపు దుబాయి నుంచి నడుము పట్టుకుని వచ్చినప్పటి నుంచి ఇల్లు నడిచేది దాని ఉద్యోగంతోనే. నేను తునికాకుతో చుట్టే బీడీల పైసలు ఉప్పుకూ పప్పుకూ. కాగితాన్ని కొంగుకు ముడేసుకున్నాను. ఆ కంగారులో డబ్బా పెట్టడం మరిచాను. అది చూసుకోకుండానే నవత కరీంనగర్ బస్సెక్కింది.

డబ్బా పట్టుకుని నేనూ వెనక బస్సులో పోయాను. కాగితం లేకున్నా నోటితోనే అడిగేసి ఉంటుందేమోనని భయపడుతూ దారి పొడుగునా కొండగట్టు అంజన్నకు మొక్కుతూనే ఉన్నాను.

హెడ్మాస్టరు భానుప్రసాద్ సార్ గదిలో ఒక్కరే ఉన్నారు. నవత తల్లినని చెప్పి చేతులు జోడించాను.

“పిల్ల తెల్వక అడిగింది సార్. లీజర్ల ఖాళీగ కూసోని ఏం జేస్తది? ఏ క్లాసుకు పంపినా పోతది. మనసుల వెట్టుకోకుండ్రి.”

ఆయన కళ్ళద్దాలు తీశారు. “ఏమడిగిందమ్మా?”

నవత ఇంకా ఏమీ అడగనే లేదని అప్పుడు తెలిసింది.

నవతను పిలిపించారు. ఖాళీగా కూర్చోవడం ఎందుకని మీ అవ్వే అంటున్నది కదా అంటూ, నాలుగో పీరియడ్‌కు ఎనిమిదో తరగతికి పొమ్మని స్లిప్పు రాసి చాపారు. నవత దాన్ని అందుకోలేదు. నా వైపు తిరిగింది.

“అవ్వా, ఆకు నానవెట్టకుంట ఎన్నడన్న బీడీ చుట్టినవా?”

లేదన్నట్టు తల ఊపాను.

“నానవెట్టుడు, కత్తిరిచ్చుడు ఖాళీగ కూసునుడేనా మరి? పాఠం జూస్కోకుంట నేను దినాం ఎండుటాకే చుడుతున్న. బోర్డు మీద నేను తప్పు జేసిన లెక్కను పిల్లలు దిద్దుతున్నరు.”

ఎండుటాకు వేళ్ళ మధ్య ఎట్లా పగులుతుందో నాకు తెలుసు. పగిలిన బీడీలను సేటు ఏరి పారేస్తుంటే తల దించుకుని నిలబడ్డదాన్ని. నా బిడ్డ అట్లా రోజూ క్లాసులో నిలబడుతున్నదా? కొంగు ముడి విప్పాను. చెమటకు మెత్తబడ్డ కాగితాన్ని బల్ల మీద పెట్టాను.

“ఇగో సార్, గిది అడుగుదామనుకున్నది. నేనే దాసిన.”

ఆయన చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఇంతలో నాలుగో పీరియడ్ గంట మోగింది. రేపటి పాఠం రాసుకుంటానని మెల్లగా చెప్పి నవత స్టాఫ్ రూముకు పోయింది. సార్ స్లిప్పును బల్ల మీదే వదిలేసి, చాక్‌పీసు తీసుకుని ఎనిమిదో తరగతి వైపు తానే నడిచారు. కోపమో కాదో ఆయన ముఖంలో నాకు తెలియలేదు.

స్టాఫ్ రూము గుమ్మం పక్క బెంచీ మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరి చెప్పుల చప్పుడైనా, రేపటి నుంచి రావద్దని చెప్పడానికే వస్తున్నారనిపించింది. కిటికీలోంచి చూస్తే నవత తల వంచుకుని రాస్తున్నది. మళ్ళీ గంట కొట్టేదాకా ఎవరూ దాన్ని లేపకుండా ఆ గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకునే కూర్చున్నాను.