పిచ్చుకకు పొద్దున్నే ఏం పెట్టాలి

ఆ ఇంట్లో పొద్దున్న అంటే యుద్ధమే. కత్తులూ కటార్లూ ఏమీ లేవు. ఒక గిన్నె, ఒక చెంచా, గట్టిగా బిగించిన ఒక చిన్న నోరు, అంతే. ఆ నోరు ఆరేళ్ళ పిల్లది. ఎత్తుకుంటే చేతికి ఎముకలే తగులుతాయని అందరూ దాన్ని పిచ్చుక అంటారు. ముద్దుకు పెట్టిన పేరే. ఈమధ్య ఆ పేరు వినబడితే చాలు, తల్లికి గుండెలో కలుక్కుమంటోంది.

తల్లి స్కూలు యూనిఫాంలు కుట్టే చోట మిషను మీద పని చేస్తుంది. పిల్లలు ఎదుగుతారు కదా అని ప్రతి గౌనుకూ నడుం దగ్గర, అంచు దగ్గర కాస్త బట్ట లోపలికి మడిచి కుడతారు. ఏడాది తిరిగేసరికి ఆ కుట్టు విప్పుకుంటే సరిపోతుంది. ఊళ్ళో పిల్లలందరికీ ఎదిగే చోటు వదిలే మనిషి, తన కూతురి గౌను మాత్రం మళ్ళీ మళ్ళీ బిగించి కుట్టుకోవాల్సి వస్తోంది. పక్క మిషను ఆవిడ చూసి, "నీ కూతురు వెనక్కి పెరుగుతోందేంటమ్మా!" అని నవ్వింది. వేళాకోళానికే అంది పాపం. ఈమె మాత్రం బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

గొడవంతా పిల్లల డాక్టరమ్మ మాటతో మొదలైంది. ఆవిడ పిచ్చుక బరువు చూసి పెదవి విరిచింది. "ప్రోటీన్ చాలడం లేదమ్మా. పొద్దున్న తిండిలో గుడ్డు, పాలు, పెరుగు, వేరుశనగలు, ఏది ఇష్టంగా తింటే అది పెట్టండి. అప్పటికీ చాలకపోతే ఈ ప్రోటీన్ పొడి ఒక్క చెంచా పాలల్లో కలపండి. ఒక్కటే, అదీ తిండి తిన్నాక," అంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వచ్చేసారికి బరువు పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాల్సి ఉంటుందని కూడా చెప్పింది.

ఇంకేముంది! గుడ్డూ పాలూ పెరుగూ అన్నీ గాలికి పోయాయి. తల్లి బుర్రలో గొట్టం ఒక్కటే మిగిలింది.

ఇంటికి రాగానే ఆమె శాసనం చేసింది. "ఇవాళ్టి నుంచి దాని తిండిలో ఎవ్వరూ వేలు పెట్టొద్దు. అత్తయ్యా, మీరు కూడా. ఏమండీ, మీకే చెప్పేది. నేను చూసుకుంటాను."

అత్తగారు మూతి ముడుచుకుంది. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. వెనకాల ఎన్ని హారన్లు మోగినా తొణకనివాడు, బుద్ధిగా తలూపాడు.

తల్లి చేయని ప్రయత్నం లేదు. గుడ్డు ఉడకబెట్టింది. వాసనంది పిల్ల. అట్టు వేసి బ్రెడ్డులో దాచింది. బ్రెడ్డు తెరిచి చూసి మూసేసింది. పెరుగులో అరటిపండు పిసికింది, వేరుశనగలు నూరి రొట్టెకు రాసింది. చివరికి ఓట్స్ జావలో పొడి కలిపింది. డాక్టరమ్మ ఒక్క చెంచా అంది నిజమే. కానీ కన్నతల్లికి చేయి ఆగుతుందా చెప్పండి? రెండోది వేసింది. గొట్టం గుర్తొచ్చిన రోజు మూడోది కూడా వేసింది. తిండి తిన్నాక అంటే, అసలు తింటేగా!

"కడుపు నిండిందమ్మా," అనేది పిచ్చుక.

"ఏం తిన్నావని నిండింది? గాలి తిన్నావా?"

"నిజంగా నిండిందమ్మా."

రోజూ ఇదే పాట. స్కూలుకు పంపిన డబ్బా వెళ్ళినట్టే తిరిగొచ్చేది. తల్లికి తల ప్రాణం తోకకొచ్చింది. అత్తగారేమో గుమ్మంలో నిలబడి, "బలవంతం చేస్తే కుక్కపిల్ల కూడా ముట్టదమ్మాయ్," అనేది. "అయితే దాన్ని చూస్తూ కూర్చోమంటారా?" అని కోడలు విరుచుకుపడేది.

ఒక పొద్దున్న ఆమెకు ఒళ్ళు తెలియలేదు. పిల్లను ఒళ్ళో అదిమిపట్టి, ముక్కు మూసి, తెరిచిన నోట్లో జావ పోసింది. పిచ్చుక ఉక్కిరిబిక్కిరై మొత్తం కక్కేసింది. యూనిఫాం, నేల, తల్లి చీర, అంతా జావే. తల్లి చేయి లేచింది. చెంప మీద పడింది.

పిల్ల ఏడవలేదు. జేబురుమాలు తీసి, వంగి నేల తుడుస్తూ, "సారీ అమ్మా. రేపు తాగుతాలే," అంది. అది ఏడ్చి ఉంటే తల్లికి కాస్త ఊపిరాడేదేమో. ఆ రోజు పనిలో చొక్కాలకు చేతులు తిరగేసి కుట్టింది. మాస్టరు తిట్టిన తిట్లు ఒక్కటీ చెవికెక్కలేదు. పిల్లను కొట్టిన చేయి వేపే చూసుకుంటూ కూర్చుంది.

మళ్ళీ రమ్మన్న రోజుకు డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు, పిల్లను తీసుకుని. బరువు పెరగకపోగా తగ్గింది. తల్లి బల్ల పట్టుకుంది. డాక్టరమ్మ పిల్ల పొట్ట నొక్కి చూసింది, రాయిలా ఉంది. నాలుక చూసింది, ఎండిపోయి ఉంది. ఆవిడ పెద్దవాళ్ళను వదిలేసి పిల్లనే అడిగింది.

"పొద్దున్న ఏం తింటున్నావు బంగారం?"

పిచ్చుక నానమ్మ వైపు చూసింది. తర్వాత తల్లి వైపు, ఆ తర్వాత తండ్రి వైపు. "చెప్పకూడదు," అంది.

"ఎవరు చెప్పొద్దన్నారు?"

"అది కూడా చెప్పకూడదు."

ముందుగా అత్తగారే బావురుమంది. "నేనేనమ్మా. తెల్లారకముందే నాతోపాటు లేస్తుంది. కోడలు వద్దందని వేరే పొడి డబ్బా తెచ్చి నా బట్టల పెట్టెలో దాచుకున్నా. పాలల్లో రెండు చెంచాలు కలిపిస్తే గటగటా తాగేసేది నా తల్లి. మారుమాట లేదు."

తల్లికి ఒక్క క్షణం ఒళ్ళు మండింది. నా దగ్గర నోరు తెరవని పిల్ల ఈవిడ దగ్గర గటగటా తాగిందా అని. ఇంతలో పక్కనుంచి దగ్గు వినబడింది. డ్రైవరుగారిది.

"నేనూ... బస్సులో స్కూలుకు దింపేటప్పుడు, సీసాలో నీళ్ళు పోసి కలిపి..."

"ఎంత కలిపారండీ?" అంది తల్లి.

"చెంచా ఎక్కడుంటుందే బస్సులో? చేతికొచ్చినంత."

డాక్టరమ్మ తల్లి వైపు తిరిగింది. "మరి మీరు?"

"రెండు చెంచాలు," అంది తల్లి. తల దించుకుని, "ఒక్కోసారి మూడు," అంది.

తిలా పాపం తలా పిడికెడు అంటారే, అచ్చంగా అదే. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఇది పిల్ల పొట్టా, గోనెసంచా? అంత పొడి కడుపులో కూర్చుంటే ఆకలెక్కడిది? ఇక తిండి ఎక్కడ పడుతుంది? ఇంతింత పోస్తే ఒంట్లో నీళ్ళు చాలవు, మూత్రపిండాల మీద భారం పడుతుంది. రక్తం తీసి చూడాలి. ఇవాళే చేర్చుకుంటున్నాను. పొడి పూర్తిగా బంద్. ఒంట్లోకి నీళ్ళు ఎక్కిద్దాం. రేపు తనంతట తాను తింటే సరి, తినకపోతే గొట్టమే."

రక్తం తీస్తున్నప్పుడు తల్లి పిల్ల తలను గుండెకు హత్తుకుంది. "నాకెందుకు చెప్పలేదే? నోట్లో వేలు పెట్టినా కొరకలేని దానివి, ఇన్నాళ్ళు ఎలా దాచావే?"

"నానమ్మ నీకు చెప్పొద్దంది. నాన్న కూడా చెప్పొద్దన్నాడు. నువ్వేమో ఎక్కువ చెంచాలేసిన సంగతి ఎవరికీ చెప్పొద్దన్నావు," అంది పిచ్చుక, సూది వైపు చూడకుండా. "తాగితే అందరూ నవ్వుతారు కదమ్మా. నానమ్మ ఇచ్చిన పాలు తాగాక ఇక నీది పట్టేది కాదు."

పట్టేది కాదు! పట్టనిదాన్ని ముక్కు మూసి పోసింది తను. తన్ను తాను చీపురుకట్టతో కొట్టుకోవాలనిపించింది తల్లికి.

మర్నాడు వార్డులో నర్సు పళ్ళెం తెచ్చి మంచం మీద బల్లపై పెట్టింది. రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికిన గుడ్డు, గ్లాసుడు పాలు. నానమ్మ తలుపు దగ్గర చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. తండ్రి డ్యూటీకి పోకుండా కిటికీ పట్టుకుని ఉన్నాడు. వార్డు చివర, మూత వేసిన ట్రేలో గొట్టం సిద్ధంగా ఉందని ముగ్గురికీ తెలుసు.

తల్లి చేతులు పళ్ళెం వైపు పోబోయాయి. వాటిని గట్టిగా ఒళ్ళో కట్టేసుకుంది. ఇన్నాళ్ళుగా తిను, మింగు, నోరు తెరువు అనడమే గానీ, ఒక్కసారైనా అడగని మాట ఒకటుందని ఆమెకు అప్పుడు తట్టింది.

"ఆకలిగా ఉందా తల్లీ?"

పిచ్చుక తలెత్తింది. అమ్మ మొహం చూసింది, నాన్న మొహం చూసింది, నానమ్మ మొహం చూసింది. ఎవరికీ కోపం రాని జవాబు కోసం వెతికి వెతికి, చివరికి అమ్మ చెవి దగ్గరికి జరిగింది.

"ఉందని చెప్పమంటావా అమ్మా?" అని అడిగింది.