మంట లేని గడ్డ

"మామకో గ్రామంట!"

ఈ మాట ముందు జైతున్‌బీ నోట్లోంచి వచ్చింది. పొద్దున్నే మా ఊరి సందుల్లో తిరిగిన ఆటో మైకు "ఉచిత మామోగ్రాం, ఉచిత మామోగ్రాం" అని అరిచింది. మైకు గరగరలోనూ ఆటో దడదడలోనూ నలిగి, ఆ మాట జైతున్‌బీ చెవిలో పడేసరికి 'మామకో గ్రాం' అయింది. గ్రామంటే మా గ్రామంలో ఇంకేముంది, బంగారమే. ఇంటికో మామ, మామకో గ్రాము. పాలకేంద్రం దగ్గర ఆవిడ ఆ మాట అనడమే ఆలస్యం. టిఫిన్ల వేళకల్లా హైస్కూలు ముందు ఆగిన గులాబీ రంగు బస్సు చుట్టూ జనం ఆధార్ కార్డులు పట్టుకుని మూగారు. పెళ్లికాని కుర్రాళ్లు సైతం తామూ ఎవరికో ఒకరికి మామలమేనని వాదనకి దిగారు.

ఆశా కార్యకర్త అనీసా బస్సు మెట్టెక్కి గొంతు చించుకుంది. "గ్రాము లేదు, ఏం లేదు! ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ పరీక్ష!"

అప్పటిదాకా రొమ్ము విరుచుకుని నిలబడ్డ మగాళ్లు ఆ మాట వినగానే తలలు దించుకుని పక్క సందులోకి జారుకున్నారు. ఆడవాళ్లు మాత్రం కదల్లేదు.

"లేదంటందంటే ఉన్నట్టే," అని జైతున్‌బీ తేల్చింది. "ముందు పరీక్షంట. పాసైనోళ్లకి గ్రామంట."

ఈ గ్రాము గోలంతా నాకు తర్వాత తెలిసింది. నా పేరు యలమందయ్య. మా ఊళ్లో పెళ్లికైనా పంచాయితీకైనా ముందు లేచే నోరు నాది. 'యలమందయ్యకి మందక్కర్లేదు, మంది ఉంటే చాలు' అని నా మీద నేనే సామెత కట్టి ఊరి మీదికి వదిలాను. ఆ పూట నేను కల్లంలో ఉన్నాను. కౌలు పొలంలో కోసిన రెండో కోత మిరపకాయలు అక్కడ ఎర్రగా పరిచి ఉన్నాయి. పొలానికి పట్టా లేని రైతుని గానీ, వానొస్తే కాయల మీద కప్పే పట్టాలు మాత్రం నాకు బోలెడున్నాయి.

నా భార్య సుబ్బరావమ్మ తాలు ఏరుతోంది. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. మిరప కోతల కాలంలో మా ఆడవాళ్లు తమ చేత్తో తమ ఒళ్లు ముట్టుకోరు. ముట్టుకుంటే మంట. కన్ను దురద పెడితే మోచేత్తో రుద్దుకుంటారు. చంటిపిల్లకి పాలివ్వాలంటే చేతులకి ముందు నూనె, ఆ తర్వాత మజ్జిగ, ఆ పైన సబ్బు. అలాంటి చేతులతో ఉన్న మనిషి జాకెట్లోకి ఏదో దూరింది.

"ఏమయ్యో, ఇటురా! ఏదో పాకతంది. నా చేతులు మంట, నువ్వు తియ్యి."

"ఎన్నేళ్లకి పిలిచావే!" అంటూ వెళ్లాను. నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి. పని చేసేవాడి చేతులకి గదా మంట. దూరింది గండుచీమ. తీసి పారేశాను. తీస్తుంటే వేళ్లకి ఇంకోటి తగిలింది. ఎడమ రొమ్ముకి పైన, చంక వైపు, చర్మం కింద కుంకుడుకాయంత. నొక్కితే జరగలేదు.

"ఇదేందే?"

"ఏది? అదా, గడ్డ."

"ఎప్పట్నించి?"

"పత్తి తీతలప్పుడు చూశా. దానికేమైంది? మంట లేదు, నొప్పి లేదు. సెగ్గడ్డ అయ్యుంటది. పండితే అదే పగిలిద్ది."

అని మళ్లీ తాలు ఏరుకోవడంలో పడింది. ఆవిడ తప్పేం లేదు. మా దగ్గర మంటే కొలత. కాయకి మంట ఉంటే రేటు, కూరకి మంట ఉంటే రుచి, మనిషికి మంట ఉంటే పౌరుషం. మంట లేనిదాన్ని మేం దేన్నీ లెక్క చెయ్యం. పైగా నేను దుక్కిలో మట్టిగడ్డలు పగలగొట్టి బతికేవాణ్ణి, గడ్డకి భయపడకూడదు. కానీ వేళ్ల చివర ఆ గట్టితనం వదల్లేదు. తువ్వాలుకి తుడిచినా వదల్లేదు. హైస్కూలు ముందు ఆడవాళ్ల పరీక్ష బస్సు ఆగిందని దారిన పోయేవాళ్లు అనుకోవడం గుర్తొచ్చి, బీడీ కట్ట కొనుక్కొస్తానని చెప్పి బస్సు దగ్గరికి నడిచాను.

అక్కడ వరసలో ఉన్న ప్రతి ఆడమనిషీ డాక్టరమ్మకి ఒకటే చెబుతోంది: "ఇక్కడ మంటమ్మా." మిరప ఘాటుకి గుండెలు మండని ఆడది మా ఊళ్లో ఏ మూల ఉంది? డాక్టర్ జ్యోతిర్మయి చిన్నపిల్లలా ఉంది గానీ ఓపిక మాత్రం ముసలమ్మది. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి చూస్తోంది. ఒకావిడ బయటికొచ్చాక నేను కిటికీ దగ్గర చేరాను.

"డాక్టరమ్మా, జబ్బులన్నిట్లోకీ సర్ అని మర్యాదగా పిలిపించుకునేది ఇదొక్కటేనంటగా? క్యాన్ సర్!"

ఆవిడ నవ్వలేదు. "ఏం కావాలండీ?"

"ఏం లేదు. మా ఆవిడకి ఈళ్లకిమల్లే మంటా గింటా ఏం లేదు. ఊరికే ఓ గడ్డ."

ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టింది. "నొప్పి లేదా?"

"లేదు."

"వేలితో కదిపితే కదులుతోందా?"

"లేదమ్మా. రాయిమల్లే ఉంది."

"ఆవిడ్ని ఇప్పుడే తీసుకురండి," అంది. గొంతు తగ్గించి చెప్పింది కాబట్టి నాకు ఇంకా గట్టిగా వినబడింది. "అన్ని గడ్డలూ క్యాన్సర్ కాదు. కానీ నొప్పి లేదు గదా అని వదిలేసిన గడ్డలే మా దగ్గరికి ఆలస్యంగా వస్తాయి. మూడింటికి మేం వెళ్లిపోవాలి. ఈ బస్సు మళ్లీ ఎప్పుడొస్తుందో నాకే తెలీదు."

వరసలో ఉన్న జైతున్‌బీ చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. "నా తల్లీ, నువ్వొచ్చి మీ వదినకి చెప్పమ్మా. నీ మాటైతే వింటది. గడ్డుంది, డాక్టరమ్మ రమ్మంది."

"పో అన్నా, నీ జోకులకి ఇంకోళ్లని చూసుకో. నా మేకకి కరోనా అని చెప్పి నాతో దానికి మాస్కు కట్టించింది నువ్వే గదా! వరసలోంచి నన్ను లేపి నా గ్రాము కొట్టేద్దామనా?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఇన్నాళ్లూ ఆ నవ్వు కోసమే బతికాను. ఆ పూట అదే నవ్వు నా దారికి అడ్డం పడింది.

కల్లానికి పరిగెత్తాను. కొత్తపట్నం వైపు నుంచి, సముద్రం మీద నుంచి మబ్బు లేస్తోంది. సుబ్బరావమ్మ పట్టాలు విప్పుతోంది.

"ఎక్కడ చచ్చావయ్యా? మబ్బు చూశావా?"

"అది తర్వాత. బస్సు కాడికి రా. డాక్టరమ్మ నిన్ను తీసుకురమ్మంది."

"నేనున్నానని ఆవిడకెట్టా తెలుసు?"

"నేను చెప్పా. మంట లేని గడ్డే మంచిది కాదంట."

"ఆవిడందా, నువ్వు అల్లావా? మా తమ్ముడి పెళ్లిలో పెళ్లికొడుకు పారిపోయాడని చెప్పి మా వాళ్లందర్నీ సింగరాయకొండ స్టేషన్‌కి తరిమింది ఎవరు?"

"అది వేరు. నీ మీద ఒట్టు సుబ్బులూ."

"నీ ఒట్టు ఎప్పుడూ ఒట్టిదే. మబ్బు పోయాక చూద్దాంలే. ఆ కొస పట్టుకో ముందు."

ఆవిడది కనిగిరి. ఆ ఊరి కొండ కదులుతుందేమో గానీ ఆవిడ కదలదు. దణ్ణం పెట్టాను, తిట్టాను, చెయ్యి పట్టుకు లాగాను. లాగిన కొద్దీ ఆవిడకి నవ్వొచ్చింది. నటన బాగా కుదిరిందని మెచ్చుకుంది కూడా. నేను నిజం చెబితే నమ్మే మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ లేరని అప్పుడు అర్థమైంది.

గాలి లేచింది. పెద్ద పెద్ద చినుకులు టపటపా కాయల మీద పడ్డాయి. సుబ్బరావమ్మ పట్టా కొస పట్టుకుని కల్లం ఆ చివరికి పరిగెత్తింది. ఈ చివర కొస నా చేతిలో ఉంది.

"లాగవయ్యా! లాగు!"

నేను కొస వదిలేశాను.

పట్టా గాలికి లేచి ఆవిడ కాళ్లకి చుట్టుకుంది. వాన కాయల మీద బాదడం మొదలుపెట్టింది. తడిసిన మిర్చి ఘాటు పైకి లేచి ఇద్దరికీ దగ్గు తెరలు కమ్మాయి. తడిసిన కాయకి రంగు పోతుంది, బూజు పడుతుంది, గుంటూరు యార్డులో దాని మొహం చూసేవాడుండడు. అది ఆవిడకి తెలుసు. నాకూ తెలుసని ఆవిడకి తెలుసు.

"పిచ్చి పట్టిందా నీకు? కాయలయ్యా!"

"తడవనీ."

"యాడాది చాకిరీ!"

"తాలైతే అవనీ. నాకు ఆలు దక్కాలి."

ఆ మాటల పొందిక అలవాటుకొద్దీ నోట్లోంచి జారింది. ఇద్దరం నవ్వలేదు. ఆవిడ కాయల వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. మళ్లీ కాయల వైపు చూడలేదు. ఇరవై ఏళ్ల పైబడ్డ కాపురంలో వాన చుక్కకి నేను పట్టా వదిలెయ్యడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

"నిజంగానే అందా డాక్టరమ్మ?" అనడిగింది. ఆ గొంతు ఆవిడది కాదు.

నా నోరు పెగల్లేదు. నేను మాట్లాడకపోవడం చూసి ఆవిడ వణికింది. చెయ్యి ఎడమవైపుకి వెళ్లి, ఒంటికి తగలబోయి ఆగిపోయింది. వేళ్ల నిండా మిరప తొక్కలు.

"నా చేతులు మంట," అంది ఏడుస్తూ. "నువ్వు చూడయ్యా. ఇంకా ఉందేమో చూడు."

చూశాను. ఉంది.

హైస్కూలు దగ్గరికి చేరేసరికి బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. నల్లరేగడి నేల తడిస్తే చక్రాలు దిగబడతాయని డ్రైవరు తొందరపడుతున్నాడు. నేను బస్సుకి అడ్డంగా నిలబడ్డాను. హారను కొట్టాడు. నిలబడ్డాను. తిట్టాడు. నిలబడే ఉన్నాను. అనీసా తలుపు బాది తెరిపించింది. డాక్టరమ్మ సుబ్బరావమ్మని లోపలికి లాక్కుని, ఆ చేతులకి ముందు కొబ్బరినూనె రాయించింది.

బయట స్కూలు వరండాలో గ్రాము కోసం ఆగిన ఆడవాళ్లు వాన ఎప్పుడు నిలుస్తుందా అని చూస్తూ నిలబడి ఉన్నారు. జైతున్‌బీ నా దగ్గరికి వచ్చింది.

"కాయలేయన్నా?"

"తడుస్తున్నయ్."

"పట్టా కప్పలా?"

"లా."

ఆవిడ నన్ను కిందా పైనా చూసింది. ఇంకో మాట వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. అంతే, చీర ఎగదోపి వరండా అదిరేలా అరిచింది. "రాండే! సుబ్బరావమ్మొదిన కల్లం తడిసిపోతంది!" వరసకి వరసా వానలోకి దూకింది. నేను కదల్లేదు. బస్సు తలుపు మీద అతికించిన గులాబీ రిబ్బను బొమ్మని చూస్తూ నిలబడ్డాను. నాకు తెలిసిన దేవుళ్లంతా అయిపోయాక జైతున్‌బీ దేవుడికి కూడా మొక్కాను.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మెట్టు దిగి వచ్చింది. "ఫిలింలో గడ్డ కనబడుతోంది. చంకలో ఇంకోటి చేతికి తగులుతోంది. సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తేగానీ అదేంటో చెప్పలేం. రేపే గుంటూరు ఆసుపత్రికి రండి. ఎల్లుండి కాదు, రేపు."

"బతుకుద్దా అమ్మా?"

"రేపు రండి," అంది మళ్లీ. ఆ చిన్నపిల్ల మొహంలో దొంగ ధైర్యం లేదు. బతుకుద్దని ఒక్క మాట అని ఉంటే నేను ఆవిడ కాళ్లు పట్టుకునేవాణ్ణి.

వాన వెలిసింది. కల్లం నుంచి ఆడవాళ్లు తిరిగొచ్చారు. సగం కాయలు కప్పారట, సగం పోయాయట. అందరి చేతులూ తడి మిర్చితో ఎర్రగా ఉన్నాయి. సుబ్బరావమ్మ బస్సు మెట్టు మీద కూర్చుని ఉంది. వాళ్లంతా చుట్టూ మూగారు.

"ఏమన్నారొదినా?" అంది జైతున్‌బీ. వెనకనుంచి ఎవరో "గ్రాము ఇచ్చారా?" అన్నారు.

సుబ్బరావమ్మ నూనె చేతులు ఒళ్లో పెట్టుకుని అందర్నీ ఒకసారి చూసింది.

"గ్రామూ లేదు, మామా లేడు," అంది. "మామోగ్రాం అంటే ఫోటోనే. రొమ్ముని రెండు పలకల మధ్య పెట్టి నొక్కి తీస్తారు. కాస్త నొప్పి. లోపల గడ్డుంటే కనబడిద్ది. అంతే. ఇంకో సంగతి కూడా తప్పు విన్నాం మనం, పుట్టినకాడ్నుంచీ. మంటుంటేనే జబ్బనుకున్నాం. మంటుందని మీరంతా పొద్దుట్నించీ వరసలో ఉన్నారు. మంట లేదని నేను కల్లంలో కూర్చున్నా. మీ మంట కాయల్దే. నాకున్నది మంట పెట్టదంట, నొప్పి పుట్టదంట, మనకి చెప్పదంట. చేతులు మంటని మనం తడుముకుని చూసుకోం. అది పెరుగుతా ఉంటది. ఇంటికి పొయ్యి నూనె రాసుకుని, మజ్జిగతో కడుక్కుని, సబ్బేసుకుని చూసుకోండి. గట్టిగా ఏదన్నా తగిలితే పండేదాకా ఆగమాకండి. అది పండదు."