కహ్క్ పిండిలో అవాతిఫ్ చేతులు

ఆ ఇంట్లో పన్నెండు గ్లాసులూ కడిగేది అవాతిఫే. పన్నెండోది ఆమెది. దాని నడుముకి నీలం దారం కట్టి ఉంటుంది, పొరపాటున ఇంకెవరి నోటికీ తగలకుండా. ఎనిమిదేళ్ళ కిందట ఆమె రక్తంలో కాలేయాన్ని తినే హెపటైటిస్ సి ఉందని తేలిన మర్నాడే అత్త హాజా బహియా ఆ దారం కట్టేసింది. పన్నెండింటినీ ఒకే పీచుతో, ఒకే సబ్బునీళ్ళలో తోముతుందన్న సంగతి మాత్రం ఎవరి బుర్రకీ తట్టలేదు. అవాతిఫ్ చెప్పనూ లేదు. చెబితే గ్లాసులు కడిగే పని తప్పుతుందనుకునేంత అమాయకురాలు కాదు. రెండో పీచు కొనిపెడతారు, అంతే.

జబ్బుమనిషికి ఏ పని తగునో ఏది తగదో అత్తకి బాగా తెలుసు. గేదె పేడ ఎత్తొచ్చు. బట్టలుతకొచ్చు. వండొచ్చు కూడా, మంట మీద ఉడికేదానికి దోషం లేదట. కానీ రంజాన్ నెల చివర్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పెద్ద బేసిన్ చుట్టూ చేరి, పండగ కహ్క్ బిళ్ళలకి నెయ్యీ పిండీ కలుపుతూ, మొగుళ్ళ మీద జోకులేసుకునే సాయంత్రం మాత్రం ఆమె పొయ్యి ముందు పొగలో కూర్చోవాలి. "కహ్కూ మంటలోకే పోతుందిగా అత్తా" అని ఒకసారి అంది. "నాతోనే వాదనా?" అంది అత్త. ఒంట్లో ఓపిక లేక మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే, "బద్ధకానికి కూడా డాక్టర్లు పేరు పెట్టారమ్మా" అనేది. మొగుడు షాబాన్‌ది ఎప్పుడూ ఒకటే మాట. "నన్ను చూడు, ఎద్దులా ఉన్నాను. ఒక్కనాడైనా పరీక్షకెళ్ళానా?" అవాతిఫ్ నాన్న కూడా ఎద్దులాగే ఉండేవాడు. కాలేయం గట్టిపడి, పొట్ట నీరు పట్టి, యాభై నిండకుండానే రక్తం కక్కుకుని పోయాడు. ఆమెకిప్పుడు నలభై ఎనిమిది.

అందుకే ఆ ఉదయం మన్సూరా పట్నం ఆసుపత్రిలో బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆమె నాన్న వయసే లెక్కేసుకుంటోంది. మూడు నెలలు మాత్రలు మింగింది, ఇంకో మూడు నెలలు ఆగి రక్తమిచ్చింది.

"వైరస్ లేదమ్మా. పోయింది" అంది డాక్టరమ్మాయి.

"మరి కాలేయం?"

"ముప్ఫైతొమ్మిదేళ్ళు చప్పుడు చెయ్యకుండా దెబ్బలు తింది. మచ్చ మీద మచ్చ పడింది. ఇంకొక్క మెట్టు దిగితే మీ నాన్నగారి పరిస్థితే. అక్కడ ఆపాం. ఇక కోలుకోవచ్చు. కానీ మచ్చలున్నాయి కాబట్టి ఆర్నెల్లకోసారి స్కాన్ తప్పదు."

"ముప్ఫైతొమ్మిదా? నాకప్పుడు తొమ్మిదేళ్ళు."

"కాలవ నీళ్ళ పురుగుల జబ్బుకి బళ్ళో సూదులేశారన్నారుగా. అప్పుడొచ్చి ఉంటుంది. ఇది రక్తంలోంచి రక్తంలోకి పోతుంది. ఎంగిలితో రాదు, ముట్టుకుంటే రాదు."

"పిండితో?"

"పిండితోనా?" ఆ అమ్మాయి నవ్వేసింది. అవాతిఫ్ కూడా నవ్వింది. ఇంకా బతుకుంది. ఎంతో బతుకుంది. బస్సులో కూర్చుని దారి పొడుగునా నవ్వుకుంటూనే ఉంది. పక్కనున్న ముసలాయన లేచి వేరే సీటుకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కహ్క్ బేసిన్ చుట్టూ ఏడెనిమిది మంది చేరారు. అవాతిఫ్ మోచేతుల దాకా కడుక్కుని, ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని, రెండు చేతులూ పిండిలో దించేసింది. వెచ్చటి నెయ్యి వేళ్ళ సందుల్లోంచి జారింది. ఎంత హాయి.

"ఏమే, ఆ చేతులు!" అంది అత్త.

"కడుక్కున్నానత్తా. జబ్బు పోయింది. అయినా అది పిండిలోంచి వచ్చేది కాదట."

"మరెలా వచ్చింది వదినా?" అంది పక్కింటి నగాత్.

"బళ్ళో సూదుల్లోంచి. గాజు సిరంజి, ఒకే సూది, మనమంతా వరసలో. మీలో ఎవరెవరు పొడిపించుకున్నారు?"

నగాత్ చెయ్యెత్తింది. ఆమె పక్కనామె ఎత్తింది. ఒక్కొక్కటే పిండిచేతులు లేచాయి, నెయ్యి మోచేతుల మీదికి కారుతోంది. ఎవరో కిసుక్కుమన్నారు, అందరూ అందుకున్నారు. ఆఖర్న అత్త చెయ్యి లేచింది.

"నాకు పొలంగట్టు మీద పొడిచారు. పదహారు సూదులు" అంది అత్త, నేల చూపులు చూస్తూ.

"పండగ వెళ్ళిన మంగళవారం అందరం రక్తపరీక్షకి మన్సూరా బస్సెక్కుతున్నాం. నువ్వు నా పక్క సీట్లో కూర్చో అత్తా."

గుమ్మంలో నిలబడి వింటున్న షాబాన్ పెద్దగా నవ్వాడు. "బాగుంది. ఊళ్ళో ఆడాళ్ళంతా బస్సెక్కితే మాకు వండేదెవరు?"

"వండక్కర్లేదు, మీరూ వస్తున్నారు" అంది అవాతిఫ్, పిండి పిసుకుతూనే, నవ్వుతూనే. "ఆ రోజు బళ్ళో మగపిల్లల్ని ముందు నిలబెట్టారు, మర్చిపోయావా? నువ్వు సరిగ్గా నా ముందున్నావు షాబాన్. ఆ సూది నీ చేతిలోంచి తీసే నాకు గుచ్చారు."