ఎదురు గోడ

టీవీ పోయిందని మా ఇంట్లో మొదట తెలిసింది నాకే. అప్పుడు నేను వంటింట్లో చిక్కుడుకాయలకు నార తీస్తున్నాను. గోడ అవతల కోడలిని నిలదీస్తున్న ఒక అత్తగారి గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. "ఏందీ, టీవీ బందైందా?" అని కేక వేశాను. హాల్లో సోఫాకు ఒక చివర మా అత్తమ్మ మార్త కునుకు తీస్తోంది. ఇంకో చివర నా భర్త జ్ఞానశేఖర్ ఫోన్ చూసుకుంటున్నారు. ఆయన తలెత్తి చూసి, అవును, నల్లగా ఉంది అన్నారు.

మౌలాలిలో మా ఇంట్లో టీవీ హాలుకూ వంటింటికీ మధ్య గోడకు ఉండేది. తెర అటు, నేను ఇటు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నేను టీవీని వింటూ వచ్చాను. సీరియల్లో ఎవరు ఎవరి పాలల్లో ఏం కలిపారో, ఎవరి గుట్టు ఎవరికి తెలిసిందో అన్నీ తెలుసు. వాళ్ల మొహాలు తెలియవు. నా ఎదురుగా ఉన్నది కిటికీ, కిటికీలో గుట్ట. క్రికెట్ వచ్చినప్పుడు ఇల్లంతా ఒక్కసారి అరిస్తే గరిటె పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లి, ఏమైంది అని అడిగేదాన్ని. అయిపోయింది అనేవారు. మళ్లీ చూపిస్తారు కదా అని నిలబడితే, మాడు వాసన వస్తోంది చూడు అనేవారు. చాలాసార్లు నిజంగానే వచ్చేది.

నన్ను కూర్చోవద్దని ఎవరూ అనలేదు. ఆ సంగతి చెప్పాలి. సోఫాలో ముగ్గురు పడతారు. మధ్య సీటులో దండెం మీంచి తీసిన బట్టల కుప్ప ఉంటుంది. పని నుంచి వచ్చి బట్టలు తీసేది నేనే, అక్కడ పోసేది నేనే, అందరూ పడుకున్నాక మడత పెట్టేదీ నేనే. అంటే నా సీటును నేనే నింపుకుంటున్నాను. ఒకసారి కుప్పను పక్కకు తోసి కూర్చుంటే అత్తమ్మ మెత్తగానే అంది: "కోడలు టీవీ ముంగట కూసుంటే పొయ్యి ముంగట ఎవరు నిలవడ్తరు బిడ్డా?" ఆమెకూ అలాగే గడిచింది. మామయ్య ఉన్నన్నాళ్లూ తలుపు చాటు నుంచి చూసింది. ఆయన పోయాక సోఫా మీదికి వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్లకు సోఫాలో సీటు భర్త పోయాక వస్తుంది.

నేను కార్ఖానా ఏరియాలో ఒక కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేస్తాను. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా అక్షరాలు పెట్టి, ఇప్పుడు కనిపిస్తోందా అని అడగడం నా పని. పెద్ద కస్టమర్ వస్తే టీ పెట్టడం కూడా నా పనే. పక్క గదిలో అదే పరీక్ష చేసే సత్యదేవ్ ఉన్నాడు. ఓనరు అతన్ని పిలవడు. నువ్వు పెడితే రుచే వేరమ్మా అంటాడు.

శనివారం సాయంత్రం ముగ్గురం ప్యాట్నీ దగ్గర ఒక షోరూంకి వెళ్లాం. సేల్స్‌మన్ ఆయనతో పిక్చర్ గురించి మాట్లాడాడు. అత్తమ్మకు రిమోట్ చూపించాడు. నా దగ్గరికి వచ్చి, తుడవడం చాలా ఈజీ మేడమ్ అన్నాడు. ఒక పెద్ద టీవీలో మా సీరియల్ వస్తోంది. కాసేపు విని, సౌండ్ బాగుంది అన్నాను.

"మేడమ్, టీవీ ఇటున్నది."

నేను టీవీకి వీపు పెట్టి నిలబడి ఉన్నాను. తిరిగి చూశాను. అన్నేళ్లుగా కోడలిని నిలదీస్తున్న ఆ అత్తగారు నా వయసు మనిషి. నాకన్నా చిన్నదేమో కూడా. నేను ముసలామె అనుకున్నాను.

"మా ఆమెకు టీవీ అంటే రేడియోనే భాయ్" అన్నారు ఆయన. అత్తమ్మ నవ్వింది. సేల్స్‌మన్ మర్యాదకు నవ్వాడు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను.

ఆ టీవీనే తీసుకున్నాం. కార్డు నాది, వారంటీ కాగితం మీద పేరు ఆయనది. తిరుగు దారిలో ఆటోలో ఆయన ఒక మాట అన్నారు. ఈసారి టీవీని ఎదురు గోడకు పెట్టిద్దాం, సోఫా ఇటు తిప్పుదాం, అప్పుడు తలుపులోంచి పొయ్యి దగ్గరికి నేరుగా కనిపిస్తుంది అన్నారు. "నువ్వు గూడ టీవీ చూసుకుంట వండుకోవచ్చు కృపా." అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, చూసినవా, మీ మామ ఒక్కనాడు సుత ఇట్ల అనలే అంది.

అది నిజమే. ఆయన చెడ్డ మనిషి కాదు. నాకు సంతోషం ఎందుకు రావడం లేదో తెలియక మర్నాడు చర్చిలో కూడా అదే ఆలోచించాను. ఆయన నా కోసం టీవీని జరుపుతున్నారు. సోఫాను జరుపుతున్నారు. గోడకు కొత్త బొక్కలు పెట్టిస్తున్నారు. జరగనిది నేనొక్కదాన్నే. తెర పొయ్యి దగ్గర నుంచే కనిపిస్తే, ఏమైందని అడగడానికి కూడా నేను గడప దాటనక్కర్లేదు. రా, కూర్చో అని ఇంకెవరూ ఎప్పటికీ అననక్కర్లేదు.

సోమవారం సాయంత్రం టీవీ బిగించడానికి షఫీ అనే మెకానిక్ వచ్చాడు. మా ఆయన ఎదురు గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, వంటింట్లో ఉన్న నన్ను, కనిపిస్తోందా అని అడిగారు. పొద్దుటి నుంచి అదే మాట నేను ఎందరినో అడిగి వచ్చాను. కనిపిస్తోంది అన్నాను. స్టవ్ ఆపి హాల్లోకి వచ్చాను. షఫీ డ్రిల్లు ఎత్తాడు.

"అక్కడ వద్దు భాయ్. పాత గోడకే పెట్టు."

"గక్కడైతే కిచెన్‌ల కెళ్లి కనిపించది మేడమ్."

"కనిపించొద్దు. నేను కూసోని చూస్త."

షఫీ ఆయన వైపు చూశాడు. ఆయన నా వైపు చూసి, మరి వంట అన్నారు. అన్నం అయింది, పప్పు ఉంది, చపాతీలు కావాలంటే పిండి డబ్బాలో ఉంది అన్నాను. నీ కోసమే కదా అన్నాను అన్నారు, గొంతు తగ్గించి. నా కోసమైతే నన్ను అడగాలి అన్నాను. ఆయన పెన్సిల్ జేబులో పెట్టుకున్నారు. కార్డు ఎవరిదో గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు. వస్తే చేసేదాన్ని.

"షురూ చెయ్ భాయ్" అన్నాను.

పాత బొక్కలు కొత్త స్టాండుకు సరిపోలేదు. షఫీ అదే గోడకు వేరేవి వేశాడు. కింద సిమెంటు పొడి రాలింది. నా కాళ్లు చీపురు వైపు కదిలాయి. ఆపుకున్నాను.

షఫీ వెళ్లాక ఆయన రిమోట్ తీసుకుని తన చివర కూర్చున్నారు. అత్తమ్మ తన చివర కూర్చుంది. మధ్యలో బట్టల కుప్ప. సీరియల్ మొదలైంది. నేను వచ్చి నిలబడితే అత్తమ్మ నన్ను చూసింది, కుప్పను చూసింది. కుప్పలోంచి తన వైపు జారిన చీరను తిరిగి పైన వేసి కొంచెం జరిగింది. ఈసారి పొయ్యి మాట ఎత్తలేదు.

నేను కుప్పంతా రెండు చేతులతో ఎత్తి ఆయన ఒళ్లో పెట్టి, ఖాళీ అయిన చోట కూర్చున్నాను.

"ఇవేంది?" అన్నారు.

"మడత పెట్టుండ్రి" అన్నాను, తెర మీంచి చూపు తిప్పకుండా. "టీవీ చూసుకుంట మడత పెట్టొచ్చు."