పిన్ని పెట్టించిన పెడల్

మనస్తత్వశాస్త్ర విభాగంలో రెండో అంతస్తు చివరి గదే ప్రొఫెసరమ్మ ల్యాబ్. అక్కడ శ్రద్ధను కొలుస్తారు. తెరమీద రంగురంగుల చుక్కలు వచ్చిపోతుంటాయి, ఎర్రది కనబడగానే మౌస్ నొక్కాలి. మూడేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లంతా కాలేజీ పిల్లలే. ఈసారి కాలేజీ మొహం చూడనివాళ్లు కూడా కావాలని ప్రొఫెసరమ్మ అనడంతో, కొత్తగా చేరిన అసిస్టెంటు అమ్మాయి తన పిన్నినీ, ఆవిడతో కుట్టుపని చేసే మరో పదకొండు మందినీ వెంటబెట్టుకొచ్చింది.

పన్నెండు మందికీ మార్కులు అడుగంటాయి.

మర్నాడు ల్యాబ్ మీటింగులో సీనియర్ అసిస్టెంటు, "వీళ్లకి శ్రద్ధ తక్కువ మేడమ్. ఈ పన్నెండూ తీసేస్తే సరిపోతుంది," అన్నాడు.

అమ్మాయికి ఒళ్లు మండింది. బారెడు దూరం నుంచి వదిలిపోయిన కుట్టును పట్టుకునే మనిషికి శ్రద్ధ లేదట. నోరు విప్పింది.

"మేడమ్, నేను పక్కనే ఉన్నాను. ఎర్ర చుక్క రాగానే పిన్ని 'అదిగో' అంది. ఆ తర్వాతే మౌస్ కోసం తడుముకుంది. మనం కొలిచింది మౌస్ అలవాటుని."



"ఇన్నేళ్లూ నాకు తట్టలేదమ్మా," అంది ప్రొఫెసరమ్మ. "మీ పిన్నిగారిని ఇంకోసారి రమ్మను. ఈసారి పరీక్షకి కాదు, సలహాకి."

పిన్ని కుర్చీ అంచున కూర్చుంది. కాసేపటికే మొహమాటం వదిలేసింది.

"ఈ ఎలకతో మాకేం పనమ్మా? మిషను కాలితో తొక్కుతాం కదా. కింద పెడల్ పెట్టించండి."

"మరి కాలేజీ పిల్లలో?" అన్నాడు సీనియర్.

"వాళ్లకీ కాళ్లున్నాయిగా బాబూ."

సీనియర్ నవ్వేశాడు. వారం తిరక్కుండా పెడల్ తనే బిగించాడు. ఈసారి అందరిచేతా అరగంటసేపు తొక్కించి, కాలు అలవాటు పడ్డాకే లెక్క మొదలుపెట్టారు. కుట్టుపనివాళ్లు కాలేజీ పిల్లలకి ఏమాత్రం తీసిపోలేదు. పిన్ని అయితే మొత్తం మీద మూడో స్థానంలో నిలిచింది.

విభాగం సభలో ఆ ఫలితాలు చదివే పని అమ్మాయికే అప్పగించారు. చదవడం అయ్యాక ఒక పెద్దాయన లేచి, పెడల్ ఆలోచన ఎవరిదని అడిగాడు.

"అదిగో, మూడో వరసలో కూర్చున్నారు. మా పిన్ని," అంది అమ్మాయి.

సభంతా అటు తిరిగింది. పిన్ని చీర సర్దుకుని లేచి, తల ఎత్తి నిలబడింది. చప్పట్లు ఆగేదాకా కూర్చోలేదు.