‘నొక్కు’కీ ‘వదులు’కీ మధ్య

...తనంతట తనే మారుతుందట! చెప్పడానికేం, ఎన్నయినా చెప్తారు. దారి తెగిందని ఆ పెట్టెకి ఎవరు చెప్తారు? రెండో దారిని ఎవరు తట్టి లేపుతారు?

అంబులెన్సు కాల్ సెంటర్ పక్కగదిలో, పాత స్విచ్ మీద చెయ్యి వేసుకుని, అతను తనతో తనే వాదించుకుంటున్నాడు. అక్కడికి వచ్చే ఫైబర్ లైన్లు రెండు. ఒకటి వంతెన మీదుగా, ఇంకోటి కొండ చుట్టూ తిరిగి. ఇన్నాళ్ళూ మొదటిది తెగితే స్విచ్ తిప్పి రెండోదాన్ని మేలుకొలిపింది అతనే. పొద్దున ఆ పనికి కొత్త పెట్టె బిగించారు. ఎందుకైనా మంచిదని పాత స్విచ్ ఉంచమని బతిమాలుకున్నాడు.

"ఏరా దీపాలయ్యా!" తెరిచిన తలుపులోంచి అక్క పిలిచింది. హాల్లో ఫోన్లు తీసేది ఆమే, పొద్దస్తమానం లైన్ల దీపాలు చూస్తాడని తమ్ముడికి ఆ పేరు పెట్టిందీ ఆమే. "పెట్టెకి నువ్వు కాపలానా, నీకు పెట్టె కాపలానా? అన్నానికి రావూ?"

"నువ్వు తినెయ్. ఈలోగా లైను పోతే?"

"పోతే అరుస్తాలే. నా గొంతుకి కేబులెందుకు!"

అంతలో ఫోన్ మోగింది. అక్క స్పీకర్ నొక్కింది.

"మా ఆయన పడిపోయారు... ఊపిరి లేదు..."

"బండి బయల్దేరింది తల్లీ. అది వచ్చేదాకా ఆయన ప్రాణం నీ చేతుల్లోనే ఉంది. రెండు చేతులూ ఛాతీ మధ్యలో పెట్టు. నేను చెప్పినట్టు చెయ్యి. నొక్కు... వదులు... నొక్కు..."

అక్క మాట తెగితే ఆ చేతులు ఆగిపోతాయి.

"నొక్కు."

వంతెన దారి దీపం ఎర్రబడింది. కొండ దారి దీపం పచ్చగా వెలిగింది.

"వదులు."

అవతల ఆమె ఏడుపు, రొప్పు, వెనక ఎక్కడో కుళాయి చప్పుడు, అన్నీ వస్తూనే ఉన్నాయి. అతని వేళ్ళు ఇంకా బిగుసుకోనైనా లేదు.

పొద్దున ఇంజనీరు చెప్పింది అప్పుడు బుర్రకెక్కింది. అవతలి చివరా ఇలాంటి పెట్టే ఉంది, అది ప్రతి మాటనీ రెండు దారుల్లోనూ పంపుతుంది. ఈ చివరనున్న పెట్టె ఒకదాన్ని వింటుంది, అది తెగితే రెండోదాన్ని, అంతే. అంటే తట్టి లేపడానికి రెండో దారి నిద్రపోతేగా! ఆ ఇల్లాలి ప్రతి రొప్పూ వంతెన దాటుతున్న క్షణంలోనే, వెంట్రుకంత గాజులో వెలుగై, వినేవాళ్ళు లేకపోయినా, కొండ చుట్టూ కూడా వస్తూనే ఉంది. ఇంత జాగారం చేసే దారి పక్కన కూర్చుని తను కాపలా కాసింది దేన్ని? తన భయాన్నేనా?

"బండి వచ్చింది!" అంది అవతల ఆమె. కాసేపటికి బండిలో వచ్చినతని గొంతు, "నాడి అందుతోంది."

అక్క కళ్ళు తుడుచుకుంది.

"మధ్యలో ఏమైనా తేడా తెలిసిందా అక్కా?"

"ఎప్పుడురా?"

అతను వంతెన లైను తెగిందని రిపేరు వాళ్ళకి ఫోన్ చేశాడు. తర్వాత స్విచ్ మీంచి చెయ్యి తీశాడు.